ఎలమంచిలి నుంచి చేరని ఫైళ్లు

ఎలమంచిలి,
14 జూలై 2008

గౌరీశ్వరి వదినకు,

నమస్కారాలు. నిన్న ఫోనులో మనిద్దరం అరుచుకున్న అరుపులకి అన్నయ్య నిద్ర పాడైందట. స్టీలు ప్లాంటులో నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి లేచి, ఇకమీదట ఆఫీసు సంగతులు ఫోనులో ఎత్తితే ఒట్టు అన్నాడు కదా. సరే, ఎత్తను. రాస్తాను. కొండలరావు రోజూ రాయి లోడు వేసుకుని రేవుకి వచ్చేవాడే, ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. మెయిలు పెడదామంటే అది ఆఫీసులో నలుగురి కళ్లూ దాటుకుని గానీ నీ దగ్గరికి రాదు.

ఫోనులో నువ్వు చెప్పనివ్వలేదు గనక మళ్లీ మొదటినుంచీ చెప్తాను. క్వారీ నుంచి లారీ వస్తుంది. మా వెనక కాటా షెడ్డులో తూకం వేస్తారు. నేను లారీ నంబరూ తూకమూ కొట్టి, ఫైలు చేసి, విశాఖపట్నంలో నీ గదిలో ఉన్న పెద్ద కంప్యూటరులోని ఫోల్డరులో వేస్తాను. ఇక్కడ కూర్చుని అక్కడి తలుపు తియ్యడానికే కదా కంప్యూటర్లు బిగించే టిమోతి ఆ వీపీఎన్ పెట్టి వెళ్లాడు. కింద మూల కనెక్టెడ్ అని పడుతుంది. అతను చెప్పిన నంబర్లే కొడతాను. ఫోల్డరు తెరుచుకుంటుంది. ఫైలు వేస్తాను. వేశాక మళ్లీ తెరిచి చూసుకుంటాను కూడా. ఈ ఉత్తరం రాస్తూ ఇప్పుడే చూశాను, ఇవాళ్టివన్నీ ఉన్నాయి.

నువ్వేమో ఒక్కటీ లేదంటావు.

ఓనరు గురునాథరావుగారు నన్ను దీపావళి దాకా చూస్తానన్నారని నీకు తెలుసు. పని కుదిరితే పర్మనెంటు, కుదరకపోతే ఇంటికి. జీడిపప్పు మిల్లు మూసేశాక మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు నా ఉద్యోగం కూడా పోతే మేము ఏ గుమ్మం ఎక్కాలో నువ్వే చెప్పు.

వేసినవి వేసినట్టు మాయమవుతుంటే, తీసేవాళ్లు ఎవరో ఉండాలి కదా. ఆ గదిలో నువ్వు కాక ఇంకెవరు కూర్చుంటారు? అది కాస్త కనుక్కుని చెప్పు.

నీ ఆడపడుచు,
నాగశ్రీ


విశాఖపట్నం,
17 జూలై

నాగశ్రీకి,

ఉత్తరం అందింది. ఆఖరి మాట ఎవరికి తగలాలని రాశావో వాళ్లకి తగిలింది. ఆ గదిలో నేను తప్ప ఎవరూ కూర్చోరు. తాళం కూడా నా దగ్గరే ఉంటుంది.

నీకు ఈ ఉద్యోగం ఎవరు ఇప్పించారు? గురునాథరావుగారి ముందు నిలబడి, మా ఆడపడుచు చురుకైనది, నాది పూచీ అన్నది ఎవరు? అన్నదాన్ని నేనే, ఫైళ్లు తీసేదాన్నీ నేనేనా? నాకు అంత తీరిక లేదమ్మా.

ఫోల్డరు ఖాళీగా ఉంది. నీది ఒక్కటంటే ఒక్కటి లేదు. పొరపాటున ఇంకో నంబరు కొడుతున్నావేమో చూసుకో. మరిచిపోవడానికి కూడా లేదు, మన ఓనరుగారికి అచ్చొచ్చిన తొమ్మిదే దానికీ పెట్టించారు. లారీ నంబర్లు కూడితే తొమ్మిది రావాలి, ఫోను చివర తొమ్మిది ఉండాలి, కంప్యూటరుకి కూడా తొమ్మిదే కావాలని టిమోతి ప్రాణం తీశారు.

ఇవాళ ఓడల టైములు అని ఒక ఫైలు చేసి అదే ఫోల్డరులో నేనే వేస్తున్నాను. తెరిచి అందులో మొదటి ఓడ పేరేమిటో నాకు రాయి. నువ్వు నిజంగా ఆ ఫోల్డరు తెరుస్తున్నావో, తెరిచినట్టు చెప్తున్నావో తేలిపోతుంది.

వదిన,
గౌరీశ్వరి


ఎలమంచిలి,
4 ఆగస్టు

వదినకు,

పరీక్ష పెట్టావు. రాశాను. తప్పాను. ఎందుకంటే నువ్వు వేశానన్న ఫైలు ఆ ఫోల్డరులో లేనే లేదు. వారం రోజులు చూశాను. పొద్దున చూశాను, భోజనం మానేసి చూశాను. నావి ఉన్నాయి, వరసగా. నీది మాత్రం లేదు.

మొదట నేనే పిచ్చిదాన్ని అనుకున్నాను. తర్వాత ఇంకోటి తట్టింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. నీకు చూపించే ఫోల్డరు ఒకటి, నాకు చూపించేది ఒకటి పెట్టారేమో? నేను వేసినవి నాకు కనిపిస్తూ ఉంటాయి, అక్కడ ఎవరికీ కనబడవు. దీపావళికి గురునాథరావుగారు అడుగుతారు, నా చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. సీటు ఖాళీ అవుతుంది.

మీ తమ్ముడు నాగవంశీ కంప్యూటరు కోర్సు పూర్తి చేసి కంచరపాలెంలో ఖాళీగా ఉన్నాడని మొన్న అన్నయ్యే అన్నాడు. ఊరికే మాటల్లో అన్నాడు. నేనే ఊరికే తీసుకోలేకపోతున్నాను.

నాగశ్రీ


విశాఖపట్నం,
20 ఆగస్టు

నాగశ్రీకి,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు ఊరుకున్నాను. వెంటనే రాస్తే చుట్టరికం మిగలదని.

మా తమ్ముడి సంగతి. వాడు ఖాళీగా ఉన్నాడు, నిజమే. వాడికి ఉద్యోగం కావాలి, అదీ నిజమే. నీ కంచంలోది లాక్కుని వాడికి పెట్టే దాన్నయితే నిన్ను అక్కడ కూర్చోబెట్టేదాన్నే కాదు. ఇంతకు మించి చెప్పను.

టిమోతిని పిలిపించాను. కంచరపాలెంలో తన షాపులో కూర్చుని, నీ పేరుతోనే, నీ పాస్‌వర్డుతోనే వీపీఎన్‌లోకి వచ్చాడు. ఫోల్డరు తెరిచాడు. నేను వేసిన ఓడల ఫైలు అతనికి కనిపించింది. మొదటి ఓడ పేరు ఫోనులో చదివి వినిపించాడు. నీ ఫైళ్లు మాత్రం లేవన్నాడు. అతను అన్నమాట అన్నట్టే రాస్తున్నాను, తర్వాత కల్పించానని అనకు.

"మిషను బాగానే ఉందమ్మా. లోపం ఏటుందో మనుషుల దగ్గరే ఉంది, నాను సెయ్యగలిగింది ఏటీ లేదు."

ఇంకో సంగతి. సాయంత్రం నాలుగింటికే నీ సీటు ఖాళీగా ఉంటోందని డ్రైవర్లు అనుకుంటున్నారు. నేను అడగలేదు, వాళ్లే అన్నారు. మీ ఊరి చివర కొత్తగా పెట్టిన ఇంకో క్వారీ ఆఫీసులో కంప్యూటరు తెలిసిన మనిషి కోసం చూస్తున్నారని కూడా విన్నాను. నీకు అక్కడేదైనా కుదిరితే నాకు ముందే చెప్పు. పూచీ పడినదాన్ని నేను.

గౌరీశ్వరి


ఎలమంచిలి,
9 సెప్టెంబరు

శ్రీమతి గౌరీశ్వరిగారికి,

మీ ఉత్తరం అందినది. నాలుగింటికి నేను వెళ్లేది బడి నుంచి ఆశాజ్యోతిని తెచ్చుకోవడానికి. మీ మేనకోడలే. పావుగంటలో తిరిగి వస్తాను. ఇక ఆ కొత్త క్వారీ ఆఫీసు ఏ మూల ఉందో కూడా నాకు తెలియదు.

మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. నా ఫైలు అందకపోతే మీరు గేటు కాగితం తియ్యలేరు. గేటు కాగితం లేకపోతే రేవు గేటు దగ్గర లారీని లోపలికి పోనివ్వరు. జూన్ చివరినుంచి నా ఫైలు ఒక్కటీ అందలేదంటారు. మరి ఈ లారీలన్నీ రోజూ లోపలికి ఎలా వెళ్తున్నాయి? ఒక్క లారీ కూడా గేటు దగ్గర ఆగలేదని కొండలరావే చెప్పాడు. ప్రతి లారీకీ కాగితం ఉంది, కాగితం మీద నా పేరు కూడా ఉందట.

అంటే నా ఫైళ్లు మీకు అందుతున్నాయి. అందీ అందలేదంటున్నారు. ఇది కాక ఇంకేమైనా ఉంటే మీరే చెప్పాలి.

నాగశ్రీ


విశాఖపట్నం,
15 సెప్టెంబరు

నాగశ్రీ,

గారూ మీరూ అంటూ రాశావు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజున నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లవి నువ్వు. బాగుంది.

లారీలు ఎలా వెళ్తున్నాయో నీకెందుకు? వెళ్తున్నాయి కదా. నువ్వు చెయ్యాల్సిన పని చెయ్యి. దసరా దాటి దీపావళి వచ్చేలోగా ఆ ఫోల్డరులో నీ ఫైలు ఒక్కటైనా నా కళ్లకి కనబడాలి. అంతే నేను అడిగేది.

గౌరీశ్వరి


విశాఖపట్నం,
10 అక్టోబరు

నాగశ్రీకి,

ఇక దాచిపెట్టుకుని రాసేది ఏమీ లేదు.

నిన్న విజయదశమి. మా ఆఫీసులో లారీలతో పాటు కంప్యూటర్లకీ పూజ చేస్తాం, నీకు తెలుసు. ముందు రోజు సాయంత్రమే పెద్ద కంప్యూటరు ఆపేసి, ప్లగ్గు పీకేసి, పసుపూ కుంకుమా పెట్టి, పూలదండ వేశాను. పూజ చేసిన వస్తువుని ఆ రోజు ముట్టుకోకూడదని ఓనరుగారి పట్టింపు. ఇవాళ పొద్దున గది తాళం తీసి నేనే మళ్లీ ప్లగ్గు పెట్టాను. మధ్యలో ఆ యంత్రానికి కరెంటే లేదు.

ఓడ రేవులో ఉంది గనక మీ వైపు అద్దె లారీలకి నిన్న కూడా లోడు ఎత్తి తూకం వేశారు, అవి ఇవాళ గేటుకి వచ్చాయి. ఆ ఫైళ్లన్నీ నిన్ననే ఫోల్డరులో వేశానని, వేశాక తెరిచి చూసుకున్నానని, నువ్వు కొండలరావుతో చెప్పి పంపావు. అతను నా మొహం మీదే చెప్పాడు.

దండ వేసి ఆపేసిన కంప్యూటరు తలుపు నీకు ఎలా తెరుచుకుంది? ఇన్నాళ్లూ చూశాను చూశాను అంటే ఎక్కడో ఒక మూల నమ్ముతూనే ఉన్నాను. ఇంక నమ్మడానికి నాకు దారి లేకుండా చేశావు. అబద్ధం ఆడితే ఆడావు, పండగ రోజైనా ఆగి ఆడాల్సింది.

గురునాథరావుగారు అడిగితే నేను అడ్డం పడను.

గౌరీశ్వరి


ఎలమంచిలి,
15 అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత భయం వేసింది. నువ్వు పూజ సంగతిలో అబద్ధం రాయవు. నేనూ అబద్ధం ఆడలేదు. నీ కంప్యూటరు ఆగిపోయి ఉంది, నాకు ఫోల్డరు తెరుచుకుంది. రెండూ నిజమైతే, నేను తెరిచింది ఎవరి కంప్యూటరు?

ఆ మాట నన్ను నేను అడగడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

మా ఆఫీసులో నాది కాక ఇంకొక్క కంప్యూటరే ఉంది, వెనక కాటా షెడ్డులో, తూకం అంకెలు చూపించే పాత డబ్బా. నా టేబులు నుంచి దానికి ఒక వైరు ఉంది. షెడ్డు ఊడ్చే పోతమ్మ తప్ప దాని మొహం ఎవరూ చూడరు. వెళ్లి మీటలు నొక్కాను. ఫోల్డరు ఉంది. మన ఫోల్డరు పేరే. లోపల నావి, జూన్ నుంచీ, ఒక్కటీ పోకుండా ఉన్నాయి. అక్కడే కూలబడిపోయాను. పోతమ్మ కంగారు పడి, "ఏటమ్మా, ఏటైపోయింది, ఆ డబ్బాని నాను ఏటీ సెయ్యలేదు" అంటూ నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

టిమోతి పరుగెత్తుకొచ్చాడు. సంగతి ఇది. ఓనరుగారికి తొమ్మిది కావాలి కదా. విశాఖపట్నం ఆఫీసుకి తొమ్మిదో వీధి, పెద్ద కంప్యూటరుకి తొమ్మిదో గుమ్మం అనుకో. ఎలమంచిలిలో పెట్టేటప్పుడు ఆయన పక్కనే నిలబడి ఇక్కడి వీధికీ, ఈ కాటా డబ్బాకీ అవే అంకెలు వెయ్యమన్నారట. టిమోతి వేసేశాడు, ఫోల్డరు పేరూ పాస్‌వర్డూ కూడా అవే పెట్టేశాడు. నేను వీపీఎన్ తగిలించి ఆ నంబరు కొడితే, నా కంప్యూటరు ముందు సొంత వీధిలో చూసుకుంటుంది. ఇక్కడే ఆ గుమ్మం కనబడితే అంత దూరం ఎందుకు వెళ్తుంది? టిమోతి షాపులో నంబర్లు వేరు గనక అతను నేరుగా నీ దగ్గరికి వచ్చాడు.

ఇప్పుడు ఇక్కడి వీధికి పద్దెనిమిది పెట్టాడు. ఒకటీ ఎనిమిదీ తొమ్మిదే కదా అంటే ఓనరుగారు ఒప్పుకున్నారు. ఇవాళ పొద్దున నీ ఓడల ఫైలు నాకు కనిపించింది. మొదటి ఓడ పేరు చూసి నవ్వొచ్చింది, అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

వదినా, నిన్ను దొంగని చేశాను. నాగవంశీనీ లాగాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

గురునాథరావుగారు నిన్న తనే ఇక్కడికి వచ్చారు. అన్నీ తెరిచి చూపించాను. నా తప్పు లేదని తేలింది. ఆయన తల ఊపి, ఒకటే అడిగారు, ఫైళ్లు ఇక్కడే ఉండిపోతే గేటు కాగితాలు ఎక్కడినుంచి వచ్చాయని. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇప్పుడైనా చెప్పు.

నాగశ్రీ


విశాఖపట్నం,
16 అక్టోబరు

నాగశ్రీకి,

నీ తప్పు లేదని తేలినందుకు సంతోషం. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

గేటు కాగితాలు నేను చేశాను. నీ ఫైలు రాలేదంటే లారీ ఆగుతుంది, లారీ ఆగితే ఆ సాయంత్రమే ఓనరుగారికి తెలుస్తుంది, తెలిస్తే నీ ఉద్యోగం దీపావళి దాకా కూడా ఉండదు. అందుకని రోజూ గేటు దగ్గరికి పోయి, డ్రైవర్ల చేతిలో కాటా చీటీ చూసి, తూకాలు తెచ్చుకుని, ఆ ఫోల్డరులో కాకుండా విడిగా, నీ పేరు మీద నేనే ఫైలు కొట్టాను. నువ్వు పని ఎగ్గొడుతున్నావనే అనుకున్నాను. తిట్టుకుంటూనే కొట్టాను. ఒక్క రోజు లారీలు ఆగనిచ్చి ఉంటే మర్నాడే ఈ వైరు సంగతి బయటపడేది. నా తెలివి అలా ఏడిసింది.

ఇప్పుడు ఓనరుగారు అడుగుతున్నారు. బ్రాంచి నుంచి మాట రాకుండా తూకం రాసిన మనిషి ఆయన దగ్గర ఉండరు. నాకు ముందున్న గుమాస్తాని దానికే పంపించేశారు, ఆ సీటులోకే నేను వచ్చాను. సోమవారం రమ్మన్నారు.

నీ మీద నాకు కోపం లేదు. నీకు తెలియదు. కానీ ఇవాళ ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు, సెల్లు ఆపేస్తున్నాను.

వదిన


ఎలమంచిలి,
18 అక్టోబరు, శనివారం

వదినా,

ఫోను చేస్తే స్విచ్చాఫ్. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. వద్దామంటే ఆశాజ్యోతికి జ్వరం. ఈ ఉత్తరం సోమవారం లోపల నీ చేతిలో పడాలి. కొండలరావుకి చేతులు పట్టుకుని చెప్పాను.

రోజూ రేవు గేటు దగ్గర నిలబడి నా పేరు నిలబెట్టావు, నేను నిన్ను గారూ అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గురునాథరావుగారికి ఫోను చేశాను. మొన్న భయపడి తెలియదన్నానని, నిజానికి రోజూ తూకాలన్నీ నేనే వదినకి ఫోనులో చదివి చెప్పానని, నా మాట మీదే వదిన రాసిందని చెప్పాను. బ్రాంచి నుంచి మాట వచ్చినట్టే కదా. ఆయన నన్ను బాగా తిట్టారు. ఫోల్డరు పనిచెయ్యటం లేదని తెలిసీ ఇన్ని నెలలు నెట్టుకొచ్చారా అన్నారు. తిట్టనీ. నిన్ను ఒకసారి అడిగాకే నా సంగతి కూడా తేలుస్తానన్నారు.

నువ్వు కూడా అదే చెప్పాలి. ఫోనులో చెప్పింది, రాసుకున్నాను అను. వేరే మాట నీ నోట వస్తే ఇద్దరి సీట్లూ పోతాయి. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి, నా కోసం.

నాగశ్రీ


విశాఖపట్నం,
20 అక్టోబరు, సోమవారం

నాగశ్రీకి,

నువ్వు ఉత్తరం పంపావని, అది ఇంకా కొండలరావు దగ్గరే ఉందని ఇప్పుడే తెలిసింది. అతని లారీ అనకాపల్లిలో యాక్సిలు విరిగి శనివారం నుంచీ ఆగిపోయిందట. అందులో ఏం రాశావో నాకు తెలియదు. ఇది ఇంకో డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

పొద్దున ఓనరుగారు పిలిచారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పేసి వచ్చేద్దామనే వెళ్లాను. నోరు తెరవనివ్వలేదు.

"ఏటమ్మా గౌరీశ్వరీ, గేటు కాగితాల సంగతి నీ ఆడపడుచు నాకు ఫోన్ సేసి ఒక మాట సెప్పింది. అదేటో నాను నీకు సెప్పను. అది నిజమా, అబద్ధమా? నాకు అదొక్కటే కావాల."

నువ్వు నన్ను తప్పించి చెప్పావో, ముంచి చెప్పావో తెలియదు. ఇన్ని నెలలు నువ్వు రాసిన ప్రతి మాటకీ రుజువు అడిగాను. ఓడ పేరు అడిగాను, టిమోతిని తెచ్చాను, డ్రైవర్ల మాటలు విన్నాను. నువ్వు మాత్రం మొదటి ఉత్తరం నుంచీ ఉన్నదే రాశావు. అది గుర్తొచ్చింది.

"అది సెప్పిందంటే నిజమేనండి," అన్నాను.

ఆయన ముందున్న గేటు కాగితాల కట్ట పక్కకి నెట్టేశారు. తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకోమన్నారు. దీపావళికి నీ పర్మనెంటు కాగితం నన్నే తయారుచెయ్యమన్నారు.

నీకు ఫోను చేద్దామని సెల్లు తీశాను. నీ గొంతు వింటే ఆఫీసులో అందరి ముందూ ఏడుస్తానని మళ్లీ పెట్టేశాను.

పిల్లకి జ్వరమని మీ అన్నయ్య అన్నాడు. తగ్గిందా? ఆదివారం వస్తాను, ఏమైనా కావాలంటే రాయి.

ఇంతకీ నువ్వాయనతో ఏం చెప్పావే?

వదిన